శాంపిల్‌కి హీట్ నంబరు లేకపోతే పరిశోధన ఎక్కడిది?

సంపాదకులకు,

ఫలానా యూనివర్సిటీకీ ఫలానా ఉక్కు కంపెనీకీ పరిశోధన ఒప్పందం కుదిరిందన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంది. సంతోషమే. కానీ ఏ సమస్య మీద పనిచేస్తారు, శాంపిల్ ఎవరిస్తారు, ఫలితం ఎన్నాళ్లకు ఎవరి చేతికి వస్తుంది అన్న మూడు ముక్కలూ ఆ ఒప్పందాల్లో చాలామటుకు ఉండవు. గడువు తీరిపోతుంది, మళ్లీ ఇంకో సంతకం. ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లలో కొందరు మెటలర్జీ పాఠాలు చెబుతారు, కొందరు ఇండక్షన్ ఫర్నేసుల్లో, రోలింగ్ మిల్లుల్లో పనిచేస్తారు. హీట్ నంబరు (కొలిమిలో ఒక విడత కరిగించిన ఉక్కుకి, అంటే ఒక హీట్‌కి, వేసే నంబరు), లాగ్ షీటు వెంటబెట్టుకుని వచ్చిన శాంపిల్‌తో మొదలుపెడితే తప్ప ఈ సహకారం అంగుళం కూడా కదలదని మా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాం.

పెద్ద సంస్థల సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం. విశాఖ ఉక్కుకు సొంత ల్యాబులున్నాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాల కర్మాగారం మిధాని దగ్గరదగ్గరే ఉన్నాయి. ఇబ్బందల్లా పారిశ్రామికవాడల్లో తుక్కు, స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండా తీసిన ఇనుము) కరిగించి బిల్లెట్ (కడ్డీలుగా సాగదీసే ఉక్కు దిమ్మె) పోసే ఇండక్షన్ ఫర్నేసులది, అంటే కరెంటు కాయిల్‌తో కరిగించే కొలిములది. మన రెండు రాష్ట్రాల్లో ఇళ్లకు వాడే టీఎంటీ కడ్డీల్లో గణనీయమైన భాగం వీటి నుంచే వస్తుంది. వీటిలో చాలాచోట్ల మెటలర్జీ చదివినవాళ్లు ఒకరిద్దరు ఉంటే గొప్ప, ల్యాబంటే ఒక స్పెక్ట్రో, అంటే ఉక్కులో ఏ మూలకం ఎంతుందో చెప్పే యంత్రం. అటు వరంగల్ ఎన్‌ఐటీ, ఐఐటీ హైదరాబాద్, జేఎన్‌టీయూ, ఆంధ్రా యూనివర్సిటీ, బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో ఏటా మెటలర్జీ విద్యార్థులు ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు. సమస్య ఒకచోట, చేతులు ఇంకొకచోట.

ఉక్కుని పెళుసు చేసే ఫాస్ఫరస్ సమస్యే తీసుకోండి. ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 గ్రేడు కడ్డీలో ఫాస్ఫరస్ 0.055 శాతం మించకూడదు. ఎఫ్‌ఈ 500డి అయితే 0.040, గంధకం ఫాస్ఫరస్ రెండూ కలిపి 0.075 లోపు ఉండాలి. ఇప్పుడు ఒక టన్ను ఛార్జి, అంటే కొలిమిలో వేసే సరుకు, లెక్క వేద్దాం. 700 కిలోల స్పాంజ్‌లో ఫాస్ఫరస్ 0.06 శాతం అనుకుంటే 420 గ్రాములు. 300 కిలోల తుక్కులో 0.03 శాతం అనుకుంటే 90 గ్రాములు. మొత్తం 510 గ్రాములు. స్పాంజ్‌లోని మట్టి, ఆక్సైడ్ స్లాగ్‌లోకి (కరుగు మీద తేలే మడ్డిలోకి) పోగా చేతికొచ్చే కరుగు ఉక్కు 880 కిలోలైతే, ఆ 510 గ్రాములూ అందులోనే ఉంటాయి కాబట్టి 0.058 శాతం అవుతుంది. ఎఫ్‌ఈ 500 కూడా దాటిపోయింది. దిగుబడి తగ్గినకొద్దీ ఫాస్ఫరస్ చిక్కబడుతుందన్నది స్పాంజ్ కొనేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోరు. రేటు, మెటలైజేషన్ (అందులోని ఇనుములో లోహంగా మారిన శాతం) చూస్తారు గానీ సరఫరాదారుడి సర్టిఫికెట్లో ఫాస్ఫరస్ గడి ఉందో లేదో చూడరు.

మరి ఫర్నేసులోనే తీసేయొచ్చు కదా అంటే, ఫాస్ఫరస్ స్లాగ్‌లోకి పోవాలంటే సున్నం ఎక్కువగా ఉన్న స్లాగ్ కావాలి, అందులో ఐరన్ ఆక్సైడ్ ఉండాలి, వేడి మరీ ఎక్కువ కాకూడదు. మన ఇండక్షన్ ఫర్నేసుల్లో ఎక్కువ వాటికి లైనింగు (కొలిమి లోపలి గోడ) సిలికా ర్యామింగ్ మాస్, అంటే ఆమ్ల గుణం ఉన్నది. సున్నం వేస్తే స్లాగ్ లైనింగునే తినేస్తుంది. గోడ పలచబడితే కరుగు లోహం నీళ్లు పారే రాగి కాయిల్ దాకా వెళుతుంది, ఎర్త్ లీకేజీ అలారం మోగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే పేలుడే. అందుకే సున్నం పేరెత్తితే మెల్టర్ ఒప్పుకోడు, అతని భయంలో న్యాయం ఉంది. ఎల్‌ఆర్‌ఎఫ్, అంటే కరుగు ఉక్కుని లాడిల్ అనే పెద్ద పాత్రలో శుద్ధి చేసే కొలిమి, పెట్టుకుంటే ఫాస్ఫరస్ తగ్గుతుందన్న ఆశ కూడా కొందరికి ఉంది. అది తప్పు. ఎల్‌ఆర్‌ఎఫ్‌లో స్లాగ్‌ని ఆక్సిజన్ లేకుండా చేసి గంధకం తీస్తారు. ఆ పరిస్థితిలో ఫర్నేసు నుంచి జారివచ్చిన స్లాగ్‌లో ఫాస్ఫరస్ ఏమైనా ఉంటే అది తిరిగి ఉక్కులోకే వస్తుంది.

మిగిలిన దార్లు మూడు. తక్కువ ఫాస్ఫరస్ స్పాంజ్‌కి ఎక్కువ ధర పెట్టడం ఒకటి. అల్యూమినా, స్పినెల్ తరహా న్యూట్రల్ లైనింగు వేసి, సున్నం, మిల్ స్కేలు (రోలింగ్‌లో రాలే ఐరన్ ఆక్సైడ్ పెచ్చులు) కలిపి, వేడి ట్యాపింగు (కరుగు ఉక్కుని బయటికి వదిలే) స్థాయికి పెంచకముందే ఆ స్లాగ్‌ని పూర్తిగా గీకి తీసేయడం రెండోది. లాడిల్‌లోకి పోసేటప్పుడు, సిలికాన్ అల్యూమినియం వేయకముందే సున్నం మిశ్రమంతో కడిగి, స్లాగ్ తీసి, ఆ తర్వాతే ఫెర్రో అల్లాయ్‌లు వేయడం మూడోది. ఇందులో లాడిల్ చల్లబడటం పెద్ద చిక్కు, ఆ వేడి ముందే అదనంగా ఇచ్చుకోవాలి, కరెంటు పెరుగుతుంది. ఈ మూడింట్లో ఏ మిల్లుకి ఏది టన్నుకు ఎంత పడుతుందో చెప్పడమే ఒక ఎంటెక్ విద్యార్థి చేయగలిగిన, చేయాల్సిన పని. దీనికి కోట్ల ప్రయోగశాల అక్కర్లేదు, నిజమైన లెక్కలు కావాలి.

ఆ లెక్కలు ఇప్పుడు కాలేజీకి ఎలా అందుతున్నాయో చూస్తే బాధేస్తుంది. పగుళ్లు వచ్చిన బిల్లెట్ ముక్కని గ్యాస్ కట్టర్‌తో కోసి గోనెసంచిలో వేసి పంపుతారు. దాని మీద నంబరుండదు. ఏ స్ట్రాండ్‌లో (పోత యంత్రంలోని ఏ వరసలో) పడింది, పోత మొదట్లోదా చివర్లోదా, ఆ పూట టండిష్ (లాడిల్‌కీ మోల్డ్‌కీ మధ్య తొట్టి) వేడి ఎంత, మోల్డ్ ట్యూబ్ (ఉక్కు గడ్డకట్టే రాగి గొట్టం) ఎన్ని హీట్లు నడిచింది, ఒక్కటీ తెలియదు. పైగా గ్యాస్ మంట తగిలినచోట అసలు నిర్మాణం మారిపోతుంది. విద్యార్థి ఆ మంట తిన్న అంచునే పాలిష్ చేసి, ఫొటో తీసి, పగులు అక్కడే పుట్టిందని రాస్తాడు. రిపోర్టు చూసి ప్లాంటువాళ్లు నవ్వుకుంటారు, కాలేజీవాళ్లకు ఏమీ తెలియదని తీర్మానిస్తారు. తప్పు ఇద్దరిదీ.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. బిల్లెట్ ముక్క ఒక అడుగు పొడవున తీసుకోవాలి. గ్యాస్‌తో కోసిన రెండు చివర్ల నుంచీ కనీసం 25 మిల్లీమీటర్లు వదిలి, బ్యాండ్ సాతో నీళ్లు కొడుతూ అడ్డంగా 25 మిల్లీమీటర్ల మందం పలక తీయాలి. దాన్ని సగం నీళ్లు సగం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 70 నుంచి 80 డిగ్రీల మధ్య పావుగంట నుంచి అరగంట ఉంచితే మూలల దగ్గరి పగుళ్లు, మధ్యలోని గుల్ల, స్ఫటికాలు ఎంత లోపలి దాకా పెరిగాయో కంటికే కనిపిస్తాయి. ఈ పని ఆవిర్లు లాగే హుడ్ కిందే చేయాలి. మైక్రోస్కోపు ఆ తర్వాతి సంగతి. ముక్క మీద హీట్ నంబరు, స్ట్రాండ్ నంబరు, పోత దిశ చూపే బాణం పంచ్‌తో కొట్టాలి, సుద్దతో రాస్తే దారిలోనే చెరిగిపోతుంది. వెంట ఒక పేజీ చాలు: రసాయన విశ్లేషణ, టండిష్‌లో కొలిచిన వేడి, పోత వేగం, మోల్డ్‌లోకి వెళ్లే నీటి పరిమాణం, లోపలికి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ వేడి తేడా, మోల్డ్ ట్యూబ్ వయసు, బిల్లెట్ రెండు కర్ణాల కొలత. కర్ణాల మధ్య తేడా పెరుగుతూ, మూల పక్కన పగులు కనిపిస్తే ముందు చూడాల్సింది మోల్డ్ ట్యూబ్ వంకర, నాలుగు వైపులా నీళ్లు సమంగా పారుతున్నాయా లేదా, స్ప్రే నాజిల్ ఏదైనా మూసుకుపోయిందా అన్నవే. సూపర్‌హీట్, అంటే ఉక్కు గడ్డకట్టే స్థాయికన్నా పైన ఉన్న వేడి, ఎక్కువైతే లోపలి పగుళ్లు, మధ్యలో మలినాలు పోగుపడటం ఎక్కువవుతాయి, తక్కువైతే నాజిల్ గడ్డకట్టి పోత ఆగిపోతుంది. ఈ పేజీ లేకుండా వచ్చిన ముక్కని కాలేజీ తీసుకోకూడదు. మొహమాటం లేకుండా తిప్పి పంపాలి.

స్లాగ్, స్పాంజ్ శాంపిళ్లకూ పద్ధతి ఉంది. స్పాంజ్ ఐరన్ తేమ తగిలితే మళ్లీ ఆక్సైడ్ అవుతుంది. లారీలో నాలుగైదు చోట్ల తీసి, కుప్పపోసి నాలుగు భాగాలు చేసి తగ్గించుకుంటూ వచ్చిన శాంపిల్‌ని అప్పటికప్పుడే గాలి చొరని సంచిలో సిలికా జెల్‌తో మూయాలి. వారం రోజులు బల్ల మీద తెరిచి ఉంచి ఆ తర్వాత మెటలైజేషన్ తక్కువుందని సరఫరాదారుడితో తగవు పెట్టుకుంటే ఉపయోగం లేదు. స్లాగ్‌ని దంచి, అందులో చిక్కుకున్న ఇనుప పూసల్ని అయస్కాంతంతో తీసి, 75 మైక్రాన్ల లోపు పొడి చేసి పంపాలి. పూసలు ఉండిపోతే ఐరన్ ఆక్సైడ్ లెక్క అబద్ధమవుతుంది. ఇంకో ముఖ్య విషయం, స్లాగ్‌ని తూచాలి. చాలా మిల్లుల్లో తూచరు. స్లాగ్ బరువు తెలియకుండా ఫాస్ఫరస్ ఎటు పోయిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. స్పెక్ట్రో విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒకే శాంపిల్‌ని మూడుచోట్ల స్పార్క్ కొడితే ఎంత తేడా వస్తుందో ముందు రాసుకోవాలి. ఆ తేడాకన్నా చిన్న మార్పుని ఫలితమని ప్రకటించకూడదు. షిఫ్టు మారినప్పుడల్లా కంట్రోల్ శాంపిల్ (విశ్లేషణ ముందే తెలిసిన ముక్క) కొట్టాలి.

ట్రయల్ హీట్ల దగ్గర జరిగే ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల మంచి ఆలోచనలు చచ్చిపోతున్నాయి, పనికిరానివి నిలబడుతున్నాయి. కొత్త ఫ్లక్స్‌తోనో కొత్త ఛార్జి మిశ్రమంతోనో వరసగా పది హీట్లు తీస్తారు. కరెంటు టన్నుకు ఇరవై యూనిట్లు తగ్గిందంటారు. కానీ ఇండక్షన్ ఫర్నేసులో లైనింగు వాడినకొద్దీ పలచబడుతుంది, కాయిల్‌కీ లోహానికీ దూరం తగ్గుతుంది, పవర్ బాగా లాగుతుంది, కొలిమిలో పట్టే లోహమూ పెరుగుతుంది. పాత పద్ధతిని కొత్త లైనింగు మీద, కొత్త పద్ధతిని అరిగిన లైనింగు మీద పోల్చితే తగ్గుదల అంతా లైనింగుదే కావచ్చు. కాబట్టి ఒక హీట్ పాత పద్ధతిలో, తర్వాతిది కొత్త పద్ధతిలో మార్చిమార్చి తీయాలి. లేదంటే లైనింగు వేసినప్పటినుంచి ఎన్నో హీట్ అన్నది సరిచూసి, ఒకే వయసున్న హీట్లనే పోల్చాలి. ఒక ట్రయల్లో ఒకే మార్పు. కరెంటు పోయి హీట్ మధ్యలో ఆగితే ఆ హీట్‌ని లెక్కలోంచి తీసేయాలి, తీసేశామని రాయాలి కూడా. ఈ క్రమశిక్షణ నేర్పాల్సింది కాలేజీ. ప్రొడక్షన్ ఒత్తిడిలో ఉన్న షిఫ్టు ఇంచార్జికి దీని గురించి ఆలోచించే తీరిక ఉండదు.

కాలం దగ్గర కూడా రెండు క్యాలెండర్లు కలవవు. ఎంటెక్ రెండో ఏడాది ప్రాజెక్టుకు చేతిలో ఉండేది పది నెలల లోపే. బీటెక్ వాళ్లకు ఒక సెమిస్టరు. విభాగాధిపతి ఉత్తరం, కంపెనీ అనుమతి, గేట్ పాస్, సేఫ్టీ శిక్షణ, ఇన్సూరెన్స్ పూర్తయ్యేసరికి అందులో రెండు మూడు నెలలు హరించుకుపోతాయి. సమస్యల జాబితా ప్లాంటు నుంచి మే నెలలోనే రావాలి. జులైలో విద్యార్థి విషయం ఎంచుకునేటప్పటికి పాస్ కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఇన్సూరెన్స్ ఎవరు కడతారో ముందే తేల్చాలి. మెల్టింగ్ ప్లాట్‌ఫారం మీద ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు విద్యార్థి నిలబడకూడదు. తడి తుక్కు, మూత బిగుసుకున్న డబ్బా, షాక్ అబ్జార్బర్ లాంటివి కొలిమిలో పడితే ఒక్క క్షణంలో పేలతాయి. శాంపిల్ తీసేది మెల్టర్, పక్కన ఉండి నంబరు వేసి రాసుకునేది విద్యార్థి. ఈ హద్దు రాతపూర్వకంగా ఉండాలి.

యూనివర్సిటీల వైపు లోపం సూటిగా చెప్పాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కొనడానికి ప్రాజెక్టు డబ్బు దొరుకుతుంది, దాని ఏఎంసీకి (ఏటా చేసే నిర్వహణ ఒప్పందానికి), చల్లబరిచే చిల్లర్‌కి, ఆపరేటర్ జీతానికి దొరకదు. యంత్రం మూతేసి ఉంటుంది. పనిచేస్తున్నా రిపోర్టుకి మూడు వారాలంటే మిల్లుకి దండగే, ఆ బిల్లెట్లు అప్పటికే కడ్డీలై అమ్ముడుపోతాయి. మూడు రోజుల్లో ప్రాథమిక ఫలితం, నెలలో పూర్తి వివరణ అని మాట ఇచ్చి నిలబెట్టుకోగల విభాగానికే పని వస్తుంది. పరికరాల వివరాలు, రేట్లు పరిశోధన పరికరాలను పంచుకోవడానికి కేంద్రం నడిపే ఐ-స్టెమ్ పోర్టల్లో పెట్టాలి. అధ్యాపకుల పదోన్నతిలో పేపర్లకున్న విలువ ప్లాంటులో అమలైన పరిష్కారానికి లేకపోవడం ఇంకో అడ్డు. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా, పదిహేనేళ్ల అనుభవమున్న వృత్తి నిపుణుల్ని డిగ్రీ పట్టింపు లేకుండా తీసుకోవచ్చు. రిటైరైన మెల్టింగ్ షాప్ మేనేజర్లని మెటలర్జీ విభాగాలు ఎందుకు పిలవడం లేదు?

డబ్బు సంగతి. కంపెనీలు సీఎస్‌ఆర్ నిధులతో పరిశోధన చేయిద్దామంటాయి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీల్లో సైన్సు, ఇంజనీరింగ్ పరిశోధనకు సీఎస్‌ఆర్ ఇవ్వడాన్ని అనుమతిస్తుంది. కానీ సొంత ప్లాంటు సమస్య తీర్చుకోవడం సాధారణ వ్యాపార కార్యకలాపం కిందికి వస్తుంది, అది సీఎస్‌ఆర్ కాదు. ఆ నిధిని అందరికీ పనికొచ్చే ల్యాబుకి వాడాలి, సొంత సమస్యకి సొంత డబ్బు పెట్టాలి. సొంత ఆర్‌ అండ్‌ డీ కేంద్రాల ఖర్చు మీద ఒకప్పుడు రెట్టింపు, తర్వాత ఒకటిన్నర రెట్లు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు 2020 ఏప్రిల్ 1 నుంచి నూరు శాతానికి దిగింది. ఆ ప్రోత్సాహం పోయిందన్న కంపెనీల మాటలో నిజముంది. మరోవైపు పరిశోధనకు నోటిఫై అయిన యూనివర్సిటీలు తీసుకునే ప్రైవేటు గ్రాంటు మీద 2024 అక్టోబరు నుంచి జీఎస్‌టీ లేదు. టెస్టింగు, కన్సల్టెన్సీ బిల్లు మీద మాత్రం 18 శాతం ఉంది. ఒప్పందం రాసేటప్పుడే ఇది గ్రాంటా, సర్వీసా అన్నది స్పష్టంగా రాసుకోకపోతే తర్వాత ఆడిట్‌లో తగులుకుంటుంది. కేంద్రం 2025 జులైలో ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన నిధి ప్రధానంగా దీర్ఘకాలిక రుణాల రూపంలో ఇచ్చేది. పది టన్నుల ఫర్నేసున్న మిల్లు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఒప్పందం మూడు పేజీలు మించనక్కర్లేదు. ముందునుంచీ ఉన్న జ్ఞానం ఎవరిది వాళ్లదే. కొత్తగా పుట్టింది కంపెనీ తన ప్లాంటులో వాడుకోవచ్చు, యూనివర్సిటీ పాఠానికీ పరిశోధనకీ వాడుకోవచ్చు. పేపరు పంపే ముందు కంపెనీకి అరవై రోజులు గడువు, ఆలోగా అభ్యంతరం రాకపోతే పంపేయడమే. కంపెనీ పేరు, కొనుగోలు ధరలు పేపర్లో ఉండవు. పేటెంట్ ఆలోచన ఉంటే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేసి ఆ తర్వాతే బయటపెట్టాలి. అప్పటినుంచి పూర్తి వివరాలకు పన్నెండు నెలల గడువుంటుంది. విద్యార్థి థీసిస్ లైబ్రరీలో పెట్టాక పరుగెత్తితే కొత్తదనం పోయినట్టే.

ఒక్క మిల్లు ఇదంతా మోయలేదన్నది నిజం. అందుకే కలిసి చేయాలి. స్వీడన్‌లో 1747లో పుట్టిన యెర్న్‌కొంటొరెట్ అనే ఉక్కు కంపెనీల సంఘం ఈనాటికీ పోటీ కంపెనీల ఇంజనీర్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉమ్మడి పరిశోధన నడిపిస్తోంది. అంత దూరం వెళ్లక్కర్లేదు, కంచన్‌బాగ్‌లోని ఎన్‌ఎఫ్‌టీడీసీ (ఇనుమేతర లోహాల సాంకేతిక కేంద్రం) వెనుక కూడా అల్యూమినియం, రాగి, జింకు కంపెనీల ఉమ్మడి చేయూత ఉంది. ఫాస్ఫరస్ ఏ ఒక్క మిల్లు రహస్యమూ కాదు.

మా ప్రతిపాదన ఇది. ఒకే పారిశ్రామికవాడలోని ఐదు మిల్లులు, ఒక కాలేజీ. ఒక్కో మిల్లు నుంచి ఇరవై హీట్లు. ప్రతి హీట్‌కి కరిగిన వెంటనే ఒక లోహం శాంపిల్, ట్యాపింగు ముందు ఒకటి, ఒక స్లాగ్ శాంపిల్, మొత్తం 300. దాంతోపాటు ఛార్జిలో పడ్డ ప్రతి స్పాంజ్ లాటు శాంపిల్, ప్రతి హీట్ స్లాగ్ బరువు, యూనిట్లు, లైనింగు మీద ఎన్నో హీట్. ఫాస్ఫరస్ లోపలికి వెళ్లిందీ బయటికి వచ్చిందీ పది శాతం తేడాలోపు సరిపోతేనే తర్వాతి మెట్టుకి, అంటే న్యూట్రల్ లైనింగు ట్రయల్‌కి వెళ్లాలి. సరిపోకపోతే శాంపిల్ తీసే పద్ధతి దిద్దుకుని మళ్లీ తీయాలి. ఈ ఏడాది జాబితా ఖరారు చేయడానికి మిల్లు యజమానుల సంఘాలు, మెటలర్జీ విభాగాధిపతులు మే నెలలోపు ఒక్కరోజు కూర్చుంటే జులైలో మొదటి విద్యార్థి ప్లాంటు గేటు దాటతాడు.

ఇట్లు,
కొందరు మెటలర్జీ అధ్యాపకులు, ఉక్కు మిల్లుల ఇంజనీర్లు
హైదరాబాద్, విశాఖపట్నం